ఐటీఐ పిల్లలకి ఇంగ్లీషు: "అర్థమైందా?" అంటే "అయింది సార్". ఎక్కడ కాలేదో మాత్రం చెప్పలేరు

పటమట_మాస్టారు · సోమవారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. విజయవాడలో ఓ ప్రైవేటు ఐటీఐలో ఎంప్లాయబిలిటీ స్కిల్స్ చెప్తాను. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, డీజిల్ మెకానిక్ మూడు ట్రేడులూ నా నెత్తినే. మొదటి ఏడాది 120 గంటలు, రెండేళ్ల ట్రేడులకైతే పై ఏడాది ఇంకో 60. రెజ్యూమె, కంప్యూటరు, డబ్బు లెక్కలు, ఇంగ్లీషు అన్నీ అందులోనే. ఇంగ్లీషు వాటాకి ఎన్ని గంటలొస్తాయో మీరే లెక్కేసుకోండి.

నా బాధ ఇది. మోటారు వైండింగ్ మీద నాలుగు నిమిషాల ఇంగ్లీషు వీడియో చూపిస్తాను. "అర్థమైందా?" అంటే క్లాసంతా ఒకే గొంతు, "అయింది సార్". ఒక్కణ్ని లేపి ఏం చెప్పాడురా అంటే పైకప్పు చూస్తాడు. పోనీ ఎక్కడ అర్థం కాలేదు అంటే "అంతా సార్". అంతా అయిందికీ, అంతా కాలేదుకీ మధ్య వీళ్లకి ఇంకో మెట్టు లేదు.

అదే కుర్రాడి ముందు తిరగని సీలింగ్ ఫ్యాను పెట్టండి. "అంతా పోయింది సార్" అనడు. సప్లై వస్తోందా, రెగ్యులేటర్ దాటి వస్తోందా, కెపాసిటర్ బాగుందా, వైండింగ్ కంటిన్యుటీ ఉందా అని వరసగా చూసుకుంటూ పోతాడు. ఎక్కడ తెగిందో పట్టుకున్నాకే చెయ్యి పెడతాడు. ఈ బుర్ర ఇంగ్లీషు క్లాసు గుమ్మం దాకా వచ్చి బయటే చెప్పులతో పాటు ఎందుకు ఆగిపోతోంది?

మూడు నెలలుగా ఓ పద్ధతి నడుపుతున్నాను. ఎవరి ఫోన్లో వాళ్లు, ఇయర్‌ఫోన్లతో. ముందు ఇరవై సెకన్లు సౌండు లేకుండా చూస్తారు. ఏం చెప్పబోతున్నాడు, ఏ మాటలు రావచ్చు అని పక్కవాడితో తెలుగులో అనుకుంటారు. తర్వాత ఆపకుండా ఒకసారి వింటారు. రెండోసారి వినేటప్పుడు దారి తప్పినచోట పాజ్ నొక్కి, తెరమీద కనిపించే టైము నోట్సులో రాస్తారు. 1:12, 2:40 అలా. ఆ టైము పక్కన కారణం: మాటే తెలియదా? మాట తెలుసు గానీ వాడి నోట్లోంచి వచ్చినప్పుడు పట్టుకోలేకపోయాడా? అన్నీ వినపడ్డాయి గానీ అతకలేదా? మూడింటికీ మందు వేరు. మొదటిదానికి డిక్షనరీ, రెండోదానికి 0.75 స్పీడు, క్యాప్షన్లు. మూడోదానికి నేను. రాత్రికి ముప్పై సెకన్ల వాయిస్ నోటు, ఇవాళ ఎక్కడ ఆగాను, ఏం చేశాను అని.

కొంత పని చేస్తోంది. కొంత గందరగోళంగా ఉంది. మీలో ఎవరైనా ఇలాంటిది చేశారా?

రిటైర్డ్_చాక్‌పీస్ · సోమవారం, రాత్రి 10:35

మాస్టారూ, ముప్పైనాలుగేళ్లు ఇంగ్లీషు చెప్పి దిగినవాణ్ని. ఫోను చేతికిచ్చి "పాజ్ నొక్కు" అంటే నొక్కేది పాజ్ కాదు, రీల్స్. పైగా వెయ్యి మాటలైనా రానివాణ్ని నీకేం రాదో నువ్వే చెప్పు అనడం, ఈత రానివాణ్ని కాలవలో తోసి లోతెంతుందో చెప్పమన్నట్టు. ముందు మాటలు, వాక్యాలు నేర్పండి. ఆత్మపరిశీలన తర్వాత.

మా రోజుల్లో రాత్రి తొమ్మిదింటికి రేడియోలో ఢిల్లీ నుంచి ఇంగ్లీషు వార్తలు వచ్చేవి. కాగితం పెట్టుకుని అందినంత రాసుకునేవాళ్లం. పొద్దున పేపర్లో అదే వార్త వెతికి, ఏ మాట తప్పు విన్నామో దిద్దుకునేవాళ్లం. యాప్‌లు లేవు, ఏమీ లేవు.

బ్రాడీపేట_నాలుగోలైను · సోమవారం, రాత్రి 11:05

చాక్‌పీస్ గారూ, కోప్పడకండి. మీరు రేడియో దగ్గర చేసిందే మాస్టారు ఫోన్లో చేయిస్తున్నారు. అందినంత రాసుకోవడం, సరిచూసుకోవడం, ఎక్కడ పొరబడ్డామో పట్టుకోవడం. కాకపోతే మీకు పేపరు తెల్లారితేగానీ వచ్చేది కాదు, వీళ్లకి క్యాప్షన్ అప్పుడే దొరుకుతోంది.

నేను గుంటూరులో పాలిటెక్నిక్‌లో ఇంగ్లీషు చెప్తాను. దీనికి పుస్తకాల్లో మెటాకాగ్నిషన్ అని పేరు. జాన్ ఫ్లావెల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో వాడుకలోకి తెచ్చిన మాట, 1979 నాటి ఆయన వ్యాసం ఇప్పటికీ అందరూ ఎత్తిచూపేది. మన ఆలోచన మీద మనమే ఓ కన్నేసి ఉంచడం. నా గురించి నాకేం తెలుసు, ఈ పని ఎలాంటిది, దీనికి ఏ ఉపాయం పనికొస్తుంది, ఈ మూడూ తెలిసుండాలంటాడు.

వినడం దగ్గరికి దీన్ని పట్టుకొచ్చినవాళ్లలో కెనడాకి చెందిన లారీ వాండర్‌గ్రిఫ్ట్ ముఖ్యుడు. ముందు ఊహించు, విని సరిచూసుకో, పక్కవాడితో పోల్చుకో, మళ్లీ విను, చివర్లో ఈసారి ఏం మార్చుకోవాలో రాసుకో. మాస్టారి వరస దాదాపు అదే. 2010లో ఆయనా ఇంకొకరూ కలిసి అచ్చువేసిన అధ్యయనంలో ఫ్రెంచి నేర్చుకునే 106 మంది విద్యార్థులున్నారు. ఈ పద్ధతిలో విన్నవాళ్లు మిగతావాళ్లని దాటారు. అంతకన్నా నాకు గుర్తుండిపోయింది, మొదట్లో వినడంలో వెనకబడ్డవాళ్లకే లాభం ఎక్కువ కనపడింది. వచ్చినవాడు ఈ పని తనంతట తానే చేసుకుంటూ ఉంటాడు, రానివాడికే ఎవరో ఒకరు చేయించాలి. కాబట్టి "ముందు ఇంగ్లీషు, తర్వాత పరిశీలన" అన్నచోట మీతో ఏకీభవించను సార్.

వెయ్యి మాటలూ లేకపోతే ఎలా అన్నది మాత్రం న్యాయమైన ప్రశ్నే. అందుకే మాస్టారు ఊహలూ కారణాలూ తెలుగులో చెప్పించడం నాకు నచ్చింది.

రిటైర్డ్_చాక్‌పీస్ · మంగళవారం, ఉదయం 6:10

తెలుగులో చెప్పించడమే నాకు నచ్చనిది. ఉన్న ఆ కాసిని గంటలూ తెలుగులో మాట్లాడుకుంటే ఇంగ్లీషు చెవిన పడేదెప్పుడు?

గోటీపానా · మంగళవారం, మధ్యాహ్నం 1:20

అన్నం తింటా రాస్తన్నా, తప్పులుంటే ఏమనుకోమాకండి. నేను ఐటీఐ డీజిల్ మెకానిక్ చేసి ఆటోనగర్‌లో పదమూడేళ్లుగా ఉన్నా. ఇప్పుడు నా షెడ్డు నాదే.

కొత్తల్లో ఒక కంపెనీ బండి హెడ్డు దింపాం. వాళ్ల ఇంజనీరు ఫోన్లో ఇంగ్లీషులో చెప్తన్నాడు. కవర్ బోల్టులకి టార్క్ ఎంత సార్, అంటే ఎంత బిగువు పెట్టాలి అన్నా. ఆయన ఫిఫ్టీన్ అన్నాడు. నాకు ఫిఫ్టీ అని వినపడింది. పక్కాగా వినపడింది, డౌటే లేదు. టార్క్ రెంచి యాభైకి పెట్టి లాగా. రెండు బోల్టులు తెగినయ్యి, మూడోది మర తినేసింది. తెగిన ముక్కల్ని బయటికి తీయటానికి సాయంత్రం అయింది. ఆ డబ్బులు ఓనరు నా జీతంలో పట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి ఎవురు నంబరు చెప్పినా తిరిగి చెప్తా. "వన్ ఫైవ్ సార్? ఫైవ్ జీరో సార్?" అని. ఇప్పుడు నా దగ్గరున్న కుర్రాళ్లకీ అదే నేర్పా. మేడమ్ గారు చెప్పిన పెద్ద పేరు నాకు తెల్దు గానీ, డౌటు లేనప్పుడు కూడా ఒకసారి చూసుకోవాలని మాత్రం నాకు బోల్టు తెగాక తెలిసింది.

బ్రాడీపేట_నాలుగోలైను · మంగళవారం, మధ్యాహ్నం 3:45

గోటీపానా గారూ, మీ పోస్టు మా క్లాసులో చదివి వినిపిస్తాను, అనుమతిస్తే.

థర్టీన్ థర్టీ, ఫిఫ్టీన్ ఫిఫ్టీ మన చెవికి కలిసిపోవడానికి కారణం ఉంది. ఇంగ్లీషువాడు ఫిఫ్టీలో మొదటి ముక్కని నొక్కి రెండోదాన్ని వదిలేస్తాడు. ఫిఫ్టీన్‌ని విడిగా అన్నప్పుడు రెండో ముక్కని నొక్కి, సాగదీస్తాడు. తెలుగులో ఏ ముక్కని నొక్కినా మాట అర్థం మారదు, కాబట్టి మన చెవి ఆ తేడాని లెక్కలోకే తీసుకోదు. చివరి "న్" ఫోన్లో ఎలాగూ మింగుడు పడిపోతుంది. వాయిస్ రికార్డర్లో పది అంకెలు తామే చెప్పుకుని, మర్నాడు విని రాయమంటే పిల్లలు తమ గొంతునే తాము తప్పు వింటారు! అది చూశాక వాళ్లకి చెప్పాల్సింది ఏమీ ఉండదు.

తెనాలి_ల్యాబ్‌టీచర్ · మంగళవారం, రాత్రి 8:30

గుంటూరులో ఒకేషనల్ ఇంటర్‌లో ఎంఎల్‌టీ, అంటే మెడికల్ ల్యాబ్ కోర్సు పిల్లలకి చెప్తాను, తెనాలి నుంచి రోజూ రైల్లో వస్తాను. నా క్లాసులో ముప్పైఒక్క మంది, దాదాపు అందరూ ఆడపిల్లలు. సొంత ఫోను ఉన్నది తొమ్మిది మందికి. మిగతా వాళ్లకి ఇంట్లో ఫోను నాన్నదో అన్నదో. రాత్రి ఎనిమిదింటికి ఇంటికొస్తుంది, తొమ్మిదింటికి "ఇంక చాల్లే" అంటారు. వాయిస్ నోటు పెట్టమంటే ఇంట్లో అందరి ముందూ ఇంగ్లీషు మాట్లాడాలి, అన్న నవ్వుతాడు. ఫోను లేని పిల్లకి ఆ పాజ్ బటన్ ఎవరిస్తారు మాస్టారూ?

నేనైతే ఇలా చేస్తున్నాను. రిపోర్టో, రీఏజెంట్ సీసా మీది లేబులో నేనే ఇంగ్లీషులో పైకి చదువుతాను. ప్రతి అమ్మాయి దగ్గరా ఎర్ర అట్టముక్క. తప్పిపోయినచోట ఎత్తుతుంది. నేను ఆగి, ఏ మాట దగ్గర ఎన్ని అట్టలు లేచాయో బోర్డు మీద గీత పెడతాను. "డిస్కార్డ్ ఇఫ్ హీమోలైజ్డ్" దగ్గర పద్దెనిమిది లేచాయి. ఎర్రకణాలు పగిలి సీరం ఎర్రబడిందని అందరికీ తెలుసు, కళ్లారా చూశారు. తెలియనిది "డిస్కార్డ్", అంటే పారేయమని. ల్యాబ్‌లో ప్రమాదమైన మాట ఎప్పుడూ పెద్ద మాట కాదు.

పటమట_మాస్టారు · మంగళవారం, రాత్రి 9:40

మేడమ్, అట్టముక్క సంగతి రేపే పెడతాను. మా దగ్గర ఫోను లేనివాళ్లు తక్కువే. జియో వచ్చిన 2016 తర్వాత మగపిల్లల చేతికి ఫోను రావడం చూస్తూనే ఉన్నాం. ఆడపిల్లల సంగతి నా లెక్కలోకి రాలేదు, ఒప్పుకుంటున్నాను. ఒకటి మాత్రం ముందే చెప్పాలి, వర్క్‌షాపులో లేత్ దగ్గర, ప్యానెల్ దగ్గర ఫోను జేబులోంచి తీయనివ్వను. ఇదంతా క్లాసు గదిలోనే.

గందరగోళం అన్నాను కదా, అది చెప్తాను. మొదట్లో రాత్రికి పంపాల్సిన ఆ ముక్క ఇంగ్లీషులో రాయమన్నాను. ఇరవైనాలుగు మందీ రాశారు. "టుడే ఐ ఎన్‌హాన్స్‌డ్ మై లిజనింగ్ ప్రొఫిషెన్సీ" అట. మా ఫిట్టర్ కుర్రాడికి ప్రొఫిషెన్సీ! ఏఐకి చెప్పి రాయించి, ఒకడిది ఇంకొకడు పంచుకున్నారు. తమ గురించి తాము ఆలోచించమంటే ఆ పని కూడా ఫోనుకే అప్పజెప్పారు. చాక్‌పీస్ గారూ, అందుకే తెలుగులోకి, గొంతులోకి మార్చాను. "సార్, 1:12 దగ్గర వాడు రేటెడ్ అన్నాడు, నాకు రెడ్ అని వినపడింది, ఎర్ర వైరు కోసం చూస్తున్నా" అని ఒకడు పెట్టాడు. ఏ ఏఐ రాస్తుందండీ ఆ మాట?

కానీ రోజుకి ఇరవైనాలుగు వాయిస్ నోట్లు. మా ఇంటావిడ "ఆ పిల్లలందర్నీ ఇంటికే పిలుచుకోండి" అంటోంది. ఇప్పుడు ఇద్దరిద్దర్ని జత చేశాను, ఒకడిది ఇంకొకడు వినాలి. నేను రోజుకి ఐదు వింటాను, ఎవరివో ముందు చెప్పను.

కృష్ణలంక_కరెంటు · మంగళవారం, రాత్రి 11:15

సార్ నేను మీ స్టూడెంట్ కాదు, వేరే ఐటీఐ, ఎలక్ట్రీషియన్ సెకండియర్. నాదొక డౌటు. ఇదంతా ఎందుకు, ఫోన్లో గూగుల్ లెన్స్ పెడితే మొత్తం తెలుగులో వచ్చేస్తుంది కదా అని మా వాళ్లంటారు. నేనూ అలాగే చేసేవాణ్ని. మా డీజిల్ మెకానిక్ ఫ్రెండు మాన్యువల్ మీద పెడితే క్లచ్ పెడల్ ఫ్రీ ప్లే, అంటే పెడల్ లూజుగా కదిలే కాస్త జాగా, "ఉచిత ఆట" అని వచ్చింది. వారం రోజులు వాడి పేరే అది. నాకు లైవ్ వైర్, అదే కరెంటున్న వైరు, "ప్రత్యక్ష వైరు" అని వచ్చింది. తప్పు అని మాకెలా తెలిసిందంటే ట్రేడు తెలుసు కాబట్టి. తెలియని సబ్జెక్టులో అయితే నమ్మేసేవాళ్లం.

ఇంకోటి సార్. వీడియో రెండుసార్లు చూస్తే వచ్చేసినట్టే ఉంటుంది. తెల్లారేసరికి ఉండదు. అందరికీ ఇంతేనా, నాకేనా?

గోటీపానా · బుధవారం, ఉదయం 8:05

ఉచిత ఆట 😂 తమ్ముడూ, మా షెడ్డులో స్టీరింగ్‌కి ఉచిత ఆట బాగా ఎక్కువైన బండ్లు మూడున్నయ్, రా.

బ్రాడీపేట_నాలుగోలైను · బుధవారం, సాయంత్రం 5:20

నీకొక్కడికే కాదు బాబూ, అందరికీ అంతే. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు కాలేజీ పిల్లలతో చేసి చూశారు. కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తొచ్చినంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తిరగబడింది, గుర్తుచేసుకుని రాసినవాళ్లు చాలా ముందున్నారు. మాకు బాగా గుర్తుంటుందని ధీమాగా ఉన్నది మళ్లీ మళ్లీ చదివినవాళ్లే. పాఠం నున్నగా జారిపోతుంటే వచ్చేసిందనిపిస్తుంది. రెండోసారి చూసిన వీడియో అలాంటిదే.

కాబట్టి వీడియో అయ్యాక ఫోను బోర్లా పెట్టు. గుర్తున్న ఐదు మాటలు రాయి. రేపు, మూడు రోజులకి, వారానికి మళ్లీ రాసి చూడు. అంకి లాంటి కార్డుల యాప్ ఆ రోజుల లెక్క తనే చూసుకుంటుంది, డబ్బులు కూడా అక్కర్లేదు ఆండ్రాయిడ్‌లో. కానీ కార్డు నువ్వే తయారుచేసుకో, ఎవరిదో తెచ్చుకోకు. ముందువైపు మోటారు ఫొటో, వెనక మాట.

మాస్టారూ, మీకో చిట్కా. ప్రశ్నకి జవాబు రాసే ముందు పక్కన ఒక గుర్తు పెట్టించండి, పక్కా, డౌటు, గాలి. ఇవి మా పిల్లలు పెట్టిన పేర్లే. గాలిలో తగిలిన రైటుకి నేను సంబరపడను. పక్కా అని తప్పు రాసినవి మాత్రం బోర్డు మీదికి తెస్తాను. గట్టి నమ్మకంతో చేసిన తప్పే దిద్దగానే బాగా నాటుకుంటుందని 2001లో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ అనేవాళ్లు చూపించారు. గోటీపానా గారి బోల్టు సంగతి అదే కదా.

తెనాలి_ల్యాబ్‌టీచర్ · బుధవారం, రాత్రి 9:00

పక్కా డౌటు గాలి మా పిల్లలకి పెట్టాను ఇవాళే. భయస్తులైన ఆడపిల్లలు అన్నిటికీ డౌటే పెట్టారు, వచ్చినవాటికి కూడా. ఒకమ్మాయివి పదిలో తొమ్మిది రైటు, తొమ్మిదీ డౌటే. మగపిల్లల క్లాసుల్లో ఉల్టాగా ఉంటుందేమో. తనకి రాదనుకోవడం కూడా తప్పు అంచనాయే కదా, దాన్నెలా దిద్దాలో ఆలోచిస్తున్నాను. ఆ తొమ్మిదీ ఆమె చేత్తోనే లెక్కపెట్టించాను. నమ్మలేదు, మళ్లీ లెక్కపెట్టింది.

పటమట_మాస్టారు · పది రోజుల తర్వాత, ఆదివారం, ఉదయం 11:30

మళ్లీ వచ్చాను. ఈ వారం వీడియోలు పక్కన పెట్టి, మోటారు నేమ్‌ప్లేటు ఫొటో ఒక్కటే పాఠం చేశాను. వాక్యాల్లేవు, కాబట్టి ఎవడికీ భయం లేదు. కానీ అందులో ఉన్నంత ఇంగ్లీషు మా పుస్తకంలో పది పేజీల్లో లేదు. ఫొటోని వేళ్లతో పెద్దది చేసుకుని చదవాలి. అక్కడున్నవి ఇవి: రేటెడ్ అవుట్‌పుట్, 415 వోల్టులు, 50 హెర్ట్జ్, 1440 ఆర్‌పీఎం, డ్యూటీ ఎస్1, ఇన్సులేషన్ క్లాస్ ఎఫ్, ఐపీ 55. ప్రతిదానికీ ముందు పక్కా, డౌటు, గాలి గుర్తు, తర్వాత అర్థం, తర్వాత దాన్ని కొనడానికొచ్చిన మనిషికి చెప్తున్నట్టు ఒక్క ఇంగ్లీషు వాక్యం రికార్డు చెయ్యాలి.

ఇరవైనాలుగు మందిలో "అంతా సార్" అన్నవాడు ఒక్కడూ లేడు. "ఐపీలో మొదటి ఐదు దుమ్ముకి, రెండోది నీళ్లకి అని తెలుసు సార్, దాన్ని ఇంగ్లీషులో ప్రొటెక్టెడ్ ఫ్రమ్ అనాలా ఎగైనెస్ట్ అనాలా" అని అడిగాడొకడు. ఇలాంటి ప్రశ్న కోసం మూడు నెలలు ఎదురుచూశాను. రెండూ అనొచ్చురా, ప్రమాణాల పుస్తకాల్లో ఎగైనెస్ట్ ఎక్కువ కనపడుతుంది అన్నాను. ఇంగ్లీషు ధారాళంగా వచ్చేసిందా అంటే రాలేదు. ఇద్దరు మాత్రం ఇప్పటికీ వాయిస్ నోట్లో "ఇవాళ అంతా బాగుంది సార్, గుడ్ నైట్" అనే పెడుతున్నారు.

చాక్‌పీస్ గారు కనపడట్లేదు. సార్, మీరూ ఒకసారి గుర్తులు పెట్టి చూడండి, సరదాకి.

రిటైర్డ్_చాక్‌పీస్ · ఆదివారం, సాయంత్రం 4:15

ఇక్కడే ఉన్నాను, చదువుతున్నాను. పెట్టాను గుర్తులు. ఏడింటిలో వోల్టులు, హెర్ట్జ్, ఆర్‌పీఎం, రేటెడ్ అవుట్‌పుట్ పక్కా, అవి సరిపోయాయి. ఐపీ 55 గాలి, పోయింది. మిగతా రెండూ కూడా పక్కా అనే పెట్టాను, ఇంగ్లీషు మాటలే కదా అని. క్లాస్ ఎఫ్ అంటే ఏ, బీ, సీల తర్వాత వచ్చే నాసిరకం అనుకున్నాను. డ్యూటీ ఎస్1 అంటే ఫస్టు షిఫ్టు అనుకున్నాను.

కృష్ణలంక_కరెంటు · ఆదివారం, సాయంత్రం 4:40

సార్ నమస్తే. ఎస్1 అంటే కంటిన్యుయస్ డ్యూటీ సార్, లోడు మారకుండా ఆపకుండా తిరిగేది. క్లాస్ ఎఫ్ నాసిరకం కాదు సార్, 155 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. బీ అయితే 130యే. ఒక సాయం సార్, గురువారం నాకు ఇంటర్వ్యూ ఉంది. ఈ రెండూ ఇంగ్లీషులో చెప్పి వాయిస్ నోటు పెడతాను, ఎక్కడ తప్పుతున్నానో వింటారా?

రిటైర్డ్_చాక్‌పీస్ · ఆదివారం, సాయంత్రం 4:52

పెట్టు నాయనా. ముందు నువ్వే ఒకసారి విని, ఎక్కడ డౌటో ఆ టైము రాసి పంపు.